నైట్ డ్యూటీ చేస్తూ గుండెను కాచుకోవడం ఎలా? సి షిఫ్ట్ వాళ్ల కోసం

యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో సి షిఫ్ట్ (రాత్రి షిఫ్ట్) వాళ్లు, గుంతకల్లులో రాత్రి బండెక్కే లోకో పైలట్లు, కర్నూలు పెద్దాసుపత్రి స్టాఫ్ నర్సులు, అపార్ట్‌మెంటు గేటు దగ్గర తెల్లవార్లూ కుర్చీలో కూర్చునే వాచ్‌మన్లు, వీళ్లందరి ఇళ్లవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఒక్కటే: "నైట్ డ్యూటీ గుండెకు చేటంట కదా. మానలేం. మరి ఏం చేయాల?"

చేటు మాట నిజమే. ఇరవై లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు గుండెపోటు ముప్పు మిగతావాళ్లకన్నా దాదాపు 23 శాతం ఎక్కువని తేలింది. అంటే వందలో 23 మందికి వస్తుందని కాదు. వందకు ఐదుగురికి వచ్చేచోట ఆరుగురికి వస్తుందని. ఉద్యోగం మానేసేంత పెద్ద లెక్క కాదు, అలాగని తోసిపుచ్చేదీ కాదు.

కారణం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. రాత్రి నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దిగాలి, గుండెకు దొరికే విశ్రాంతి అదే. మీరు ఆ టైములో కన్వేయర్ దగ్గరో వార్డులోనో ఉంటారు, పగలు పడుకున్నా నిద్ర ముక్కలవుతుంది, ఆ దిగుడు సరిగా ఉండదు. రెండోది, అర్ధరాత్రి తిన్న అన్నాన్ని పగటి అన్నంలా ఒళ్లు సర్దుకోలేదు, షుగరూ కొవ్వూ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తాయి. వీటికి తోడు నిద్ర ఆపుకోవడానికి తాగే టీలు, బీడీలు. సిద్ధాంతం ఇంతటితో చాలు.

ఇక్కడ టైములన్నీ రాత్రి 10 నుంచి ఉదయం 6 షిఫ్టుకు చెప్పినవి. మీది రాత్రి 8 నుంచి ఉదయం 8 అయితే నిద్ర, ఉదయం టిఫిన్ రెండు గంటలు ఆలస్యంగా, రాత్రి భోజనం రెండు గంటలు ముందుగా పెట్టుకోండి.

కావలసినవి

- పైచేతికి కట్టే డిజిటల్ బీపీ మిషన్. మణికట్టుకు కట్టేది వద్దు, చెయ్యి కాస్త కిందికీ మీదికీ అయితే రీడింగ్ మారిపోతుంది.
- టైలరు టేపు
- గోడ క్యాలెండరు, పెన్ను
- కిటికీకి మందపాటి గుడ్డ లేదా అట్టముక్కలు, చెవుల్లో పెట్టుకునే దూది లేదా ఇయర్ ప్లగ్గులు
- మూత గట్టిగా ఉండే చిన్న సద్దిగిన్నె
- ఈ నెల, వచ్చే నెల షిఫ్ట్ చార్టు ఫోటో (డాక్టరుకు చూపించడానికి)

మిషన్ కొనలేకపోతే పీహెచ్‌సీలోనో ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లోనో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు. ఈఎస్ఐ కార్డు ఉంటే డిస్పెన్సరీ ఉండనే ఉంది. కానీ వారానికి ఒక్క రీడింగుతో పని జరగదు. ఇద్దరు ముగ్గురు తోటివాళ్లు కలిసి ఒక మిషన్ కొనుక్కున్నా సరిపోతుంది.

1. ముందు వారం రోజులు బీపీ కొలవండి. ఇంకేమీ మార్చకండి

చాలామంది తిండితో మొదలుపెడతారు. కొలత లేకుండా మొదలుపెడితే మూడు నెలల తర్వాత ఏం తగ్గిందో చెప్పడానికి చేతిలో ఏమీ ఉండదు.

టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యలో చుట్టుకొలత చూడండి. 22 నుంచి 32 సెంటీమీటర్లలోపు ఉంటే మిషన్‌తో వచ్చే మామూలు పట్టీ సరిపోతుంది. అంతకు మించితే పెద్ద పట్టీ విడిగా కొనాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది.

ఎప్పుడు కొలవాలన్నదే అసలు చిక్కు. పుస్తకాల్లో "ఉదయం, సాయంత్రం" అని ఉంటుంది. మీకు ఉదయమంటే డ్యూటీ దిగే టైము. మీ రోజు మీరు నిద్ర లేచినప్పుడు మొదలవుతుంది, తెల్లారినప్పుడు కాదు. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. కాబట్టి:

- మొదటిసారి: పగటి నిద్ర లేచిన గంటలోపు. ఒంటికి పోసి వచ్చాక, టీకీ మాత్రకీ ముందు.
- రెండోసారి: డ్యూటీకి బయల్దేరేముందు, రాత్రి భోజనానికి ముందు.

కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనేలా, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి బల్లమీద, పట్టీ గుండె ఎత్తులో. మాట్లాడొద్దు, ఫోను చూడొద్దు. నిమిషం తేడాతో రెండు రీడింగులు తీసి రెండూ రాయండి.

వారం అయ్యాక మొదటిరోజు అంకెలు కొట్టేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. ఒక రోజు మచ్చుకు ఇలా ఉందనుకోండి: లేచాక 142/90, 136/86, వెళ్లేముందు 138/88, 140/88. పై అంకెలు నాలుగూ కూడితే 556, నాలుగుతో భాగిస్తే 139. కింది అంకెలు 352, సగటు 88. ఆ రోజు బీపీ 139/88. ఆరు రోజుల సగటు 135/85 గానీ ఆపైన గానీ ఉంటే డాక్టరును కలవాలి. ఆసుపత్రిలో కొలిస్తే 140/90 దాకా చూస్తారు కదా అంటారు. ఇంటి కొలతకు గీత 135/85 దగ్గరే.

*జరిగే తప్పులు:* డ్యూటీ దిగి బైకు స్టాండు వేసి నేరుగా మెడికల్ షాపులో బీపీ చూపించుకోవడం. రాత్రంతా మేలుకుని, టీ తాగి, ఉచ్చ ఆపుకుని కూర్చుంటే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. ఆ అంకె పనికిరానిదని కాదు. రాసుకోండి, కానీ "డ్యూటీ తర్వాత" అని పక్కన వేరే గడిలో రాయండి, సగటులో కలపొద్దు. ఇంకో తప్పు, చొక్కా చేతుల మీదే పట్టీ కట్టడం. మూడోది, నచ్చని అంకె వస్తే మళ్లీ మళ్లీ కొలిచి అన్నిటికన్నా చిన్నది రాసుకోవడం.

*హెచ్చరిక:* 180/120 దాటితే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి. దానికి తోడు ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక, మాట తడబాటు, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం ఉంటే రెండోసారి కొలవడం కూడా వద్దు, 108కి ఫోన్ చేయండి.

2. పగటి నిద్రకు గది తయారు చేయండి

మొత్తం మీద 24 గంటల్లో 7 గంటల నిద్ర పడాలి. ఒకే దఫా కానక్కర్లేదు.

పద్ధతి ఒకటి: ఉదయం 7:30 నుంచి మధ్యాహ్నం 2:30 దాకా. చలికాలంలో, వానాకాలంలో ఇది బాగుంటుంది.

పద్ధతి రెండు: ఉదయం 7:30 నుంచి మధ్యాహ్నం 1, మళ్లీ సాయంత్రం 6:30 నుంచి 8. మార్చి చివరి నుంచి జూన్ దాకా మన సీమలో ఇదే నయం. మిద్దె ఇంట్లో స్లాబు పొద్దున కాగుతూ కాగుతూ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వేడి కిందికి దింపుతుంది. ఆ టైములో పొర్లాడుతూ నిద్ర కోసం కొట్లాడటం కన్నా లేచేయడమే మేలు. సాయంత్రం పడే ఆ గంటన్నర కునుకు రాత్రి మూడు గంటలప్పుడు మిమ్మల్ని కాస్తుంది.

గది విషయం. మేడ మీది గది కాకుండా కింది గది, పడమటి గోడ లేని గది ఎంచుకోండి. స్లాబు మీద వేసవికి ముందు సున్నం రెండు కోటింగులు కొట్టిస్తే లోపల తేడా తెలుస్తుంది. కూలరు పెట్టేవాళ్లు కిటికీలన్నీ మూసి అట్టలు కట్టేస్తారు, అరగంటకు గదంతా చెమ్మతో ఉక్కపోస్తుంది. కూలరుకు గాలి బయటికి పోయే దారి ఉండాలి. కూలరుకు ఎదురుగా ఉన్న తలుపు జానెడు తెరిచి, ఆ సందుకు మందపాటి దుప్పటి వేలాడదీయండి. గాలి పోతుంది, వెలుతురు రాదు. కరెంటు పోయే ఊళ్లలో చార్జింగ్ ఫ్యాను ముందే చార్జి పెట్టి ఉంచుకోండి.

చీకటి సరిపోయిందా అని ఎలా చూడాలి? మంచం మీద పడుకుని చేయి మొహానికి అడుగు దూరంలో పెట్టండి. ఐదు నిమిషాల తర్వాత కూడా వేళ్లు లెక్కపెట్టగలిగితే ఇంకా వెలుతురు వస్తోందని అర్థం. ఎక్కువగా తలుపు కింద సందులోంచే వస్తుంది, అక్కడ పాత చీర చుట్ట పెట్టండి.

ఫోను పూర్తిగా ఆపేస్తే ఇంటివాళ్లకు ఇబ్బంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టి ఇద్దరి నంబర్లకు మాత్రం అనుమతి ఇవ్వండి. కాలింగ్ బెల్లు స్విచ్ ఆపండి. గ్యాసు బండివాడికి, పాలవాడికి, చుట్టాలకు "రెండు దాకా పడుకుంటాడు" అని చెప్పడం ఇంట్లోవాళ్ల పని. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ నిద్ర చెడేది ఎక్కువగా ఇక్కడే.

వీక్లీ ఆఫ్ రోజు పూర్తిగా పగటి మనిషి అయిపోయి మర్నాడు మళ్లీ రాత్రికి తిరిగితే ఒళ్లు రెండుసార్లు దెబ్బతింటుంది. వరుసగా నైట్లు ఉన్న వారంలో ఆఫ్ రోజు కూడా ఉదయం 7:30 నుంచి 11 మధ్యలో కాస్తయినా పడుకోండి. షిఫ్టులు మార్చే మాట మీ చేతిలో ఉంటే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో ముందుకు తిప్పమనండి. రాత్రి నుంచి మధ్యాహ్నానికి, అక్కణ్నుంచి ఉదయానికి వెనక్కి తిప్పితే నిద్ర ఎక్కువ చెడుతుంది.

*వద్దనేవి:* నిద్ర పట్టడానికి పొద్దున్నే క్వార్టరు వేయడం. మందు తొందరగా పడుకోబెడుతుంది, మూడు గంటల్లోనే లేపుతుంది, బీపీ పెంచుతుంది, గురక ఎక్కువ చేస్తుంది. షాపులో అడిగి తెచ్చుకునే నిద్ర మాత్రలూ వద్దు.

దిగి వచ్చేటప్పుడు ఎండ కళ్లలో పడకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే నిద్ర తొందరగా పడుతుందని చెప్తారు. బస్సులో వచ్చేవాళ్లకు మంచిదే. బైకు నడిపేవాళ్లకు వద్దు, తూలు ఇంకా పెరుగుతుంది. తూలుగా ఉంటే ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఇరవై నిమిషాలు పడుకుని బయల్దేరండి. హైవే మీద గుండె కన్నా ముందు తల పోతుంది.

3. రాత్రి తిండి గంటలు మార్చండి

- రాత్రి 8 నుంచి 8:30: అసలు భోజనం. సంగటి ముద్ద గానీ రెండు జొన్నరొట్టెలు గానీ, పప్పు, ఆకుకూర, పెరుగు. పళ్లెంలో సగం కూర ఉండాలి.
- 12:30 నుంచి 1: సద్దిగిన్నెలో పట్టేంత మాత్రమే. గుప్పెడు గుగ్గిళ్లు లేదా ఉడికించిన చెనిక్కాయలు, ఒక జామకాయ, గ్లాసు పలుచని మజ్జిగ.
- 1 నుంచి 6 దాకా: 1:30కి చివరి టీ తప్ప నీళ్లే.
- 6:30 నుంచి 7: తేలిక టిఫిన్. రెండు ఇడ్లీలు, లేదా చిన్న గిన్నె ఉగ్గాని.
- నిద్ర లేచాక: మామూలు భోజనం.

పొద్దున దిగగానే హోటలు దగ్గర ఉగ్గాని బజ్జీ తినకపోతే అనంతపురం మనిషే కాదంటారు. ఉగ్గాని తినండి, బజ్జీ ఆఫ్ రోజుకు ఒకటి దాచుకోండి. నాలుగు మిరపకాయ బజ్జీలు తిని అరగంటలో పడుకుంటే ఛాతీలో మంట వస్తుంది, ఆ మంటకు అలవాటు పడినవాడు అసలు గుండెనొప్పిని కూడా బజ్జీ మీదికే తోస్తాడు. దీని గురించి కింద ఉంది. ఇంట్లో ఉగ్గాని చేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: బొరుగులకు తయారీలోనే ఉప్పు పట్టి ఉంటుంది. రుచి చూడకుండా మళ్లీ ఉప్పు వేయొద్దు.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, ఒక చిన్న చెంచా. కొలుచుకుని వండలేం కాబట్టి ప్యాకెట్టుతో చూడండి. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులు రావాలి. ఇరవై ఐదు రోజులకే కొత్త ప్యాకెట్ తెస్తుంటే రెట్టింపు తింటున్నారు, దానిమీద ఊరగాయ, అప్పడాలు, వడియాలు అదనం. కిల్న్ దగ్గర, బాయిలర్ దగ్గర చెమటలు కారేవాళ్లకు ఓఆర్ఎస్ అవసరం పడొచ్చు. బీపీ మాత్రలు వాడేవాళ్లు మాత్రం అలవాటుగా తాగకుండా డాక్టరును అడిగి తాగండి.

4. టీకి గంట కొట్టండి

కడుపులో పడ్డ కెఫీన్‌లో సగం పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. 7:30కి పడుకోవాలంటే చివరి టీ 1:30కి. నాలుగున్నరకు అందరూ తాగే టీయే పగటి నిద్రను తినేది. దాని బదులు మొహం కడుక్కుని పది నిమిషాలు నడవండి, అవకాశముంటే అంతకుముందే 2 నుంచి 3 మధ్య ఇరవై నిమిషాల కునుకు తీయండి. అలారం పెట్టుకోండి, నలభై నిమిషాలైతే లేచాక తల దిమ్ముగా ఉంటుంది.

చక్కెర లెక్క ఎవరూ వేయరు. టీలో రెండు చెంచాలంటే 8 నుంచి 10 గ్రాములు. రాత్రికి ఐదు టీలు: 40 నుంచి 50 గ్రాములు, అదీ ఒళ్లు షుగరును సరిగా సర్దుకోలేని టైములో. తగ్గించడం కష్టమైతే ముందు వారం ఒకటిన్నర చెంచా, తర్వాతి వారం ఒకటి.

బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా. ఈ నాలుగు దశలన్నీ పాటించి ఇది మానకపోతే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. మానాలనుకునేవాళ్లకు 1800 11 2356 ఉచిత నంబరు ఉంది, మాట్లాడి దారి చెప్తారు.

5. రక్త పరీక్ష: ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు

సి షిఫ్ట్ మనిషి రాత్రి రెండున్నరకు టీ, బిస్కెట్లు తిని, ఆరున్నరకు ల్యాబుకు పోయి "ఏమీ తినలేదన్నా, పరగడుపే" అంటాడు. ఆయన దృష్టిలో టిఫిన్ తినలేదు కాబట్టి పరగడుపే. రిపోర్టు తప్పుగా వస్తుంది. ఒక్కోసారి తినకపోయినా రాత్రంతా మేలుకున్నందుకే షుగరు కాస్త పెరిగి కనిపిస్తుంది.

సరైన పద్ధతి: నైట్లు లేని వారంలో, కనీసం రెండు రాత్రులు ఇంట్లో పడుకున్నాక, రాత్రి 9కి తిని ఉదయం 7 నుంచి 8 మధ్య రక్తం ఇవ్వండి. పరగడుపు షుగరు 100 నుంచి 125 ఉంటే షుగరు అంచున ఉన్నారు. 126, ఆపైన ఉంటే మరోసారి చేయించి ఖాయం చేసుకోవాలి.

ఎప్పుడూ నైట్లే ఉండేవాళ్లు హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. దానికి పరగడుపు అక్కర్లేదు, గత రెండు మూడు నెలల సగటు చెప్తుంది. 5.7 నుంచి 6.4 అంచు, 6.5 ఆపైన షుగరు. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుదారి పట్టించొచ్చు, డాక్టరుకు చెప్పండి. లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), ఒక ఈసీజీ కూడా కలిపి చేయించి దాచుకోండి. పాత ఈసీజీ చేతిలో ఉంటే రేపు నొప్పి వచ్చిన రోజు డాక్టరుకు పోల్చి చూడటానికి పనికొస్తుంది.

నడుం చుట్టుకొలత బొడ్డు ఎత్తులో, ఊపిరి వదిలి కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు నమ్మొద్దు, ప్యాంటు బొడ్డు కిందికి జారి ఉంటుంది.

6. మాత్రలు వాడేవాళ్లు

బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రా అని పెద్ద చర్చ. 2022లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో ఇరవై వేల మందికి పైగా చూశారు, రెండింటికీ గుండె విషయంలో తేడా కనిపించలేదు. గడియారంలో ఒకే టైము పెట్టుకుని తప్పకుండా వేసుకోవడం ముఖ్యం. అన్ని షిఫ్టుల్లోనూ మెలకువగా ఉండే టైము చూసుకోండి, రాత్రి 8 చాలామందికి కుదురుతుంది. నీటి మాత్ర (ఉచ్చ ఎక్కువ పోయించే బీపీ మాత్ర) అయితే టైము మార్చేముందు డాక్టరును అడగండి, నిద్రలో పదేపదే లేవాల్సి వస్తుంది.

*షుగరు వాళ్లకు గట్టి హెచ్చరిక:* చీటీలో "ఉదయం" అని ఉంది కదా అని డ్యూటీ దిగాక గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుని, తినకుండా పడుకోవద్దు. పగటి నిద్రలో షుగరు పడిపోతే ఇంట్లోవాళ్లు "అలసిపోయి పడుకున్నాడులే" అనుకుంటారు. షిఫ్ట్ చార్టు డాక్టరు ముందు పెట్టి, నైట్ వారానికి ఒకటి, డే వారానికి ఒకటి రెండు చీటీలు రాయించుకోండి.

7. నడక

నిద్ర లేచాక, భోజనానికి ముందో, ఎండాకాలంలో సాయంత్రం ఆరు దాటాకో అరగంట. వారానికి 150 నిమిషాలు. కూర్చునే డ్యూటీ అయితే గంటకోసారి లేచి మూడు నిమిషాలు తిరగండి.

ఛాతీలో బరువు వస్తే

ఛాతీ మధ్యలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం. షుగరు వాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి లేకుండా వట్టి ఆయాసం, నీరసం, వాంతి కూడా ఉండొచ్చు. నైట్ డ్యూటీలో దీన్ని "గ్యాస్" అని సోడా తాగి, షిఫ్ట్ అయ్యేదాకా ఓర్చుకుంటారు. రిలీవర్ రాలేదని ఆగేవాళ్లూ ఉన్నారు. గ్యాసో కాదో తేల్చేది ఈసీజీ, మీరు కాదు. పది నిమిషాల్లో తగ్గకపోతే, లేదా చెమటతో వస్తే వెంటనే 108. బైకు మీద వెనక కూర్చోబెట్టి తీసుకుపోవద్దు, మెట్లు ఎక్కించొద్దు. ఆస్పిరిన్ అలర్జీ, కడుపులో పుండు, రక్తస్రావం లేనివాళ్లయితే 108 వాళ్లను గానీ డాక్టరును గానీ ఫోన్‌లో అడిగి 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించొచ్చు. ఈసీజీ లేని చిన్న క్లినిక్‌లో ఆగి గంట పోగొట్టుకోవద్దు.

మూడు నెలల తర్వాత

మొదటి దశలో చేసినట్టే మళ్లీ వారం బీపీ కొలిచి పాత సగటు పక్కన రాయండి. మొదటిసారి నైట్ వారంలో కొలిచి ఉంటే ఇప్పుడూ నైట్ వారంలోనే కొలవాలి. డే వారం అంకెతో పోల్చుకుని తగ్గిందని సంబరపడటం మామూలుగా జరిగే పొరపాటు.

తగ్గకపోతే గురక సంగతి ఇంట్లోవాళ్లను అడగండి. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారంటే అది కూడా డాక్టరుకు చెప్పాలి, దానికి చికిత్స చేయకుండా బీపీ లొంగదు.

డాక్టరు 24 గంటల బీపీ మిషన్ కట్టమంటే, డ్యూటీ ఉన్న రోజే కట్టించుకోండి, సెలవు పెట్టి కాదు. కట్టే టెక్నీషియన్‌కు మీరు పడుకునేది ఉదయం 7:30 నుంచి 2:30 దాకా అని చెప్పి మిషన్‌లో ఆ గంటలే నిద్రగా పెట్టించండి. చెప్పకపోతే రాత్రి పదికి మీరు పడుకున్నట్టు లెక్కగట్టి, ప్లాంటులో మెట్లెక్కిన బీపీని నిద్రలో బీపీగా రిపోర్టు ఇస్తుంది.